మేఘం ఎవరి సొత్తు?

విరాటపర్వం పారాయణం చేస్తే వానలు కురుస్తాయని తెలుగు పల్లెలలో తరతరాల నమ్మకం. రోకలికి కప్పను కట్టి, వేపమండలు పట్టుకొని ఇంటింటికీ తిరిగి, బిందెడు నీళ్లు పోయించుకొనే కప్పతల్లి వేడుక కూడ అటువంటిదే. వాన పడితే ఊరంతా సంతోషించేది; పడకపోతే మళ్లీ పారాయణం మొదలుపెట్టేవారు. అంతేగాని, ఆ వానకు కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు తడిసినవని, పురాణం చదివిన శాస్త్రులవారి మీద ఎవరూ దావా వేయలేదు. వాన దైవాధీనమని అందరూ ఒప్పుకొన్నంతకాలం దానికి బాధ్యుడు లేడు. మనిషి విమానమెక్కి మేఘంలో మందు చల్లడం నేర్చిన తరువాత వానకొక కర్త ఏర్పడినాడు. కర్త ఉన్నచోట ఫిర్యాదు, ఫిర్యాదు వెంట న్యాయస్థానం, దాని వెంట శాసనం వచ్చినవి.

ఈ కథలో సరికొత్త అధ్యాయం అమెరికా సంయుక్తరాష్ట్రాలలో నడుస్తున్నది. 2024లో టెనెస్సీ రాష్ట్ర శాసనసభ ఒక చిన్న చట్టం చేసినది. ఉష్ణోగ్రతనుగాని, వాతావరణాన్నిగాని, సూర్యకాంతి తీవ్రతనుగాని మార్చాలనే స్పష్టమైన ఉద్దేశంతో ఏ రసాయనాన్నీ, ఏ పదార్థాన్నీ, ఏ పరికరాన్నీ రాష్ట్రపు ఎల్లలలోపల ఆకాశంలోనికి వదలరాదన్నది దాని సారాంశం. దిగువ సభలో 70 మంది అనుకూలంగాను, 22 మంది ప్రతికూలంగాను వోటు చేసినారు. గవర్నరు బిల్ లీ సంతకం చేయగా ఆ సంవత్సరం జులై 1 నుంచి చట్టం అమలులోనికి వచ్చినది. చర్చ జరుగుతున్నప్పుడు ప్రతిపక్ష సభ్యుడొకరు, అడవులలో తిరుగుతుందని కొందరు నమ్మే 'బిగ్‌ఫుట్' అనే వింతజీవికి కూడ రక్షణ కల్పించాలని ఒక సవరణ తెచ్చినాడు. లేని అపరాధానికి శిక్ష విధించే చట్టంలో లేని జంతువుకు కూడ ఇంత చోటుండవచ్చునని ఆయన ఎత్తిపొడుపు.

మరుసటి సంవత్సరం, 2025లో, ఫ్లారిడా ఇంకొక అడుగు ముందుకు వేసినది. అంతకుముందు ఆ రాష్ట్రంలో లైసెన్సు పొందినవారు వాన కురిపించే ప్రయత్నం చేయవచ్చుననే నిబంధన ఉండేది. కొత్త చట్టం ఆ లైసెన్సు పద్ధతినే తుడిచివేసి, అటువంటి పనిని నేరంగా నిర్ణయించినది. 5 సంవత్సరాల వరకు జైలు, 1,00,000 డాలర్ల వరకు జుర్మానా. విమానాశ్రయాలవారు, ఇటువంటి పరికరాలు అమర్చిన విమానమేదైనా తమ వద్ద దిగినదో లేదో నెలనెలా రాష్ట్ర రవాణాశాఖకు తెలియజేయవలెను. ఆకాశంలో అనుమానాస్పదమైనదేదైనా కంటబడితే పౌరులు రాసి పంపడానికి పర్యావరణ శాఖ ఒక ఏర్పాటు చేయవలెను. లూసియానా రాష్ట్రం కూడ అదే సంవత్సరం నిషేధం విధించినది. మరికొన్ని రాష్ట్రాల శాసనసభలలో ఇటువంటి బిల్లులు వచ్చినవి; కొన్ని అక్కడనే ఆగిపోయినవి.

ఒక సంగతి వినేవారికి వెంటనే తట్టుతుంది. ఒక ప్రజాస్వామ్య దేశంలో, చదువుకొన్న ప్రతినిధులు కూర్చొని, ఆకాశం మీద చేయి వేయరాదని చట్టం చేయవలసినంత అవసరం ఏమి వచ్చినది? దీనికి సమాధానం చెప్పాలంటే, ఆ చట్టాలు ఒకే కాడికి కట్టిన మూడు వేర్వేరు విషయాలను విడదీసి చూడాలి.

మొదటిది, విమానాల వెనుక ఏర్పడే తెల్లని చారలు. విమానపు ఇంజనులో కిరసనాయిలు వంటి ఇంధనం కాలినప్పుడు నీటి ఆవిరి పుట్టుతుంది. ఏడెనిమిది మైళ్ల ఎత్తున చలి సున్నకు దిగువ 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అక్కడి గాలిలో పడిన ఆవిరి క్షణంలో మంచురవ్వలుగా గడ్డకట్టుతుంది. చలికాలపు ఉదయాన మన నోటి ఊపిరి పొగలాగ కనిపించడం వంటిదే ఇది. పైనున్న గాలి పొడిగా ఉంటే ఆ చార నిమిషాలలో మాయమవుతుంది; తేమ నిండుగా ఉంటే గంటల తరబడి నిలిచి, పరచుకొని, పలుచని మబ్బుగా మారుతుంది. ఈ తేడాను చూసి, నిలిచిపోయే చారలలో ప్రభుత్వం రహస్యంగా విషం చల్లుతున్నదని అమెరికాలో లక్షలాది మంది నమ్ముతున్నారు. 1996లో ఆ దేశపు వైమానిక దళంలోని కొందరు అధికారులు, 2025 నాటికి వాతావరణాన్ని యుద్ధసాధనంగా వశపరచుకోవచ్చునని ఊహిస్తూ ఒక పత్రం రాసినారు. ఆ ఊహాపత్రం ఈ నమ్మకానికి కొంత ఆజ్యం పోసినది. 2016లో కొందరు పరిశోధకులు, ఈ విషయం తెలిసిన 77 మంది శాస్త్రజ్ఞులను ప్రశ్నించగా 76 మంది, అటువంటి రహస్యపు చల్లకానికి తమకు ఏ ఆధారమూ కనిపించలేదని చెప్పినారు. అయినా నమ్మకం తగ్గలేదు. ఆకాశం అందరి కంటికీ కనిపిస్తుంది. గాలిలోని తేమ కనిపించదు. ఈ చట్టాలకు వోట్లు తెచ్చినది చాలవరకు ఈ మొదటి భయమే.

రెండవది, మనం మేఘమథనం అని పిలిచే ప్రక్రియ. ఇది రహస్యం కాదు, కల్పన కాదు. దీని వయస్సు 80 సంవత్సరాలు కావస్తున్నది. మేఘంలోని నీటిరవ్వలు అతి సూక్ష్మమైనవి. సున్న డిగ్రీల కంటె చల్లబడినా అవి వెంటనే గడ్డకట్టవు. గడ్డకట్టడానికి వాటికొక ఆధారం కావాలి. సిల్వర్ అయొడైడ్ అనే పదార్థపు స్ఫటికం అమరిక మంచు స్ఫటికపు అమరికకు చాల దగ్గరగా ఉంటుంది. దాని రేణువులు మేఘంలో పడితే నీరు వాటినే మంచుగా భ్రమించి చుట్టూ చేరుతుంది. బరువెక్కి క్రిందికి దిగుతుంది. వెచ్చని మేఘాలలో నయితే ఉప్పుపొడి చల్లుతారు. అది తేమను పీల్చుకొని పెద్ద చినుకవుతుంది. గృహిణులకు బాగా తెలిసిన పోలిక ఒకటి ఉన్నది. ఇది పాలకు తోడుపెట్టడం వంటిది. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లవారేసరికి పెరుగవుతుంది. ఖాళీ గిన్నెలో ఎంత మజ్జిగ వేసినా పెరుగు కాదు. మేఘం లేని ఆకాశాన మేఘమథనమూ అంతే. 2025 అక్టోబరులో ఢిల్లీ నగరంలో పొగమంచును కడగడానికి చేసిన ప్రయోగంలో ఇదే జరిగినది. గాలిలో తేమ చాలక, చెప్పుకోదగిన వాన పడలేదు.

అయితే మేఘం ఉన్నచోట ఎంత లాభం? అమెరికా కాంగ్రెసుకు లెక్కలు అప్పజెప్పే ప్రభుత్వ తనిఖీ సంస్థ 2024 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చినది. వివిధ పరిశోధనలలో అదనపు వర్షపాతం ఏమీ లేకపోవడం మొదలు 20 శాతం వరకు ఉన్నదని ఆ నివేదిక తేల్చినది. అప్పటికి 9 రాష్ట్రాలు మేఘమథనం చేస్తూ ఉన్నవి. యూటా, ఐడహో వంటి పడమటి రాష్ట్రాలలో కొండల మీద మంచు ఎక్కువ పడితే వేసవిలో జలాశయాలు నిండుతాయి గనుక ప్రభుత్వమే ధనం వెచ్చిస్తున్నది. మన దేశంలో పూనా ఉష్ణమండల వాతావరణ పరిశోధనాసంస్థ, షోలాపూరు ప్రాంతంలో 276 మేఘాలను పరీక్షించి, అనుకూలమైన మేఘాలలో సుమారు 18 శాతం హెచ్చుగా వర్షం పడినదని 2023లో ప్రకటించినది. రాయలసీమలో 2004 తరువాత కొన్ని సంవత్సరాలు విమానాలతో జరిపిన మేఘమథనం మన శ్రోతలలో చాలమందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. 'మేఘమథనం' అనే మాట ఇంటింటి మాట అయినది ఆ రోజులలోనే.

మూడవది అసలు పెద్దది. భూగోళం వేడెక్కుతున్నది గనుక, సూర్యకిరణాలలో కొంత భాగాన్ని పైనుంచి పైకే తిప్పి పంపాలనే ఆలోచన. 1991 జూన్‌లో ఫిలిప్పైన్ దీవులలోని పినటూబో అగ్నిపర్వతం బద్దలై, 150 నుంచి 200 లక్షల టన్నుల గంధకపు వాయువును పై పొరలలోనికి ఎగజిమ్మినది. ఆ వాయువు సన్నని రేణువులుగా మారి, మూడు వారాలలో భూమిని చుట్టివచ్చినది. మరుసటి సంవత్సరం భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గినది. అగ్నిపర్వతం చేసిన పనిని మనం విమానాలతో ఏటేటా చేస్తే ఏమి? అన్నది ప్రశ్న. దీనిని ఎవరూ పెద్ద ఎత్తున చేయలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయంవారు 2021లో స్వీడన్‌లో ఒక బెలూనును, అందులో రేణువులేమీ వదలకుండా, పరికరాల పరీక్ష కోసమే ఎగురవేయదలచినారు. అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల మండలి అభ్యంతరం చెప్పినది. ఆ పరీక్ష ఆగిపోయినది. 2024లో ఆ పథకాన్నే విరమించుకొన్నారు. కాలిఫోర్నియాలోని అలమీడా పట్టణంలో 2024లో, ఒక పాత యుద్ధనౌక పైనుంచి ఉప్పునీటి తుంపరలను గాలిలోనికి చిమ్మే ప్రయోగం మొదలైతే, పట్టణసభ దానిని ఆపివేసినది. ఉప్పునీటికే ఇంత అలజడి.

ఇప్పుడు చూడండి. ఒకటి లేనిది, ఒకటి చిన్నది, ఒకటి ఇంకా రానిది. ఈ మూడింటినీ ఒకే వాక్యంతో నిషేధించినారు. నా మటుకు నాకు ఇది శాసనకర్తల నైపుణ్యంగా కనిపించదు. కాని ఈ చట్టాలను కేవలం మూఢనమ్మకంగా కొట్టివేయడం కూడ న్యాయం కాదు. ఎందుకంటే, వీటి వెనుక చాల పాతదైన, న్యాయమైన ఒక ప్రశ్న ఉన్నది. ఆ ప్రశ్న ఎట్లా పుట్టినదో చెప్పుకోవడం అవసరం.

1946లో న్యూయార్కు రాష్ట్రంలోని స్కెనెక్టడీ పట్టణాన, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ అనే ఆయన పనిచేసేవాడు. పెద్ద చదువులు చదివినవాడు కాదు. యంత్రశాలలో పని నేర్చుకొని, నోబెల్ బహుమానం పొందిన అర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు సహాయకుడైనాడు. ఆ జులైలో ఒక రోజు, చల్లనిపెట్టె చాలినంత చల్లగా లేదని అందులో పొడిమంచు ముక్క, అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు గాలి, వేసినాడు. పెట్టెలోని ఊపిరి ఆవిరి అంతా ఒక్కసారిగా మిలమిలలాడే మంచురవ్వలైపోయినది. నవంబరు 13న విమానమెక్కి నిజమైన మేఘంలో అదే పని చేసినాడు. మేఘం నుంచి మంచు రాలి, సుమారు 2,000 అడుగులు దిగి, నేల చేరకుండానే ఆవిరై పోయినది. సిల్వర్ అయొడైడు గుణాన్ని అదే ప్రయోగశాలలో బెర్నార్డ్ వానెగట్ ఆ మరునాడే కనుగొన్నాడు. ఈ ప్రథమ ప్రయోగంలో ఒక విశేషం ఉన్నది. విమానం లేచినది న్యూయార్కు రాష్ట్రంలో. మంచు రాలిన మేఘం ఉన్నది పొరుగున మసాచుసెట్స్ రాష్ట్రపు గ్రేలాక్ కొండ దగ్గర. మానవుడు మేఘం మీద చేయి వేసిన మొదటి దినమే రాష్ట్రపు ఎల్ల దాటినాడన్నమాట.

మరుసటి అక్టోబరులో సైన్యంతో కలిసి అదే బృందం, ఫ్లారిడాకు తూర్పున సముద్రంలో పోతూ ఉన్న ఒక తుఫానులో పొడిమంచు చల్లినది. సముద్రంలోనికి వెళ్లిపోతున్న ఆ తుఫాను వెనుదిరిగి జార్జియా తీరాన సవానా నగరాన్ని తాకినది. అది మందు చల్లకముందే మలుపు తిరగడం మొదలుపెట్టినదని తరువాతి పరిశీలనలో తేలినది. కాని ఇల్లు కూలినవానికి ఆ పరిశీలన ఏమి ఓదార్పు? ఈ విద్యకు ఇదే చిక్కు. వాన మా వల్లనే పడినదంటే నష్టపరిహారం ఇవ్వాలి. మా వల్ల పడలేదంటే, మరి నీకు జీతమెందుకని అడుగుతారు.

1950లో న్యూయార్కు నగరానికి నీటి ఎద్దడి వచ్చి, వాలెస్ హావెల్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుని నియమించుకొని క్యాట్‌స్కిల్ కొండల మీద మేఘమథనం చేయించినారు. ఆ కొండలలో విడిది గృహం నడిపే యజమాని ఒకడు, వానలు కురిస్తే తన అతిథులు రారని కోర్టుకు వెళ్లినాడు. లక్షలాది జనం దాహం ముందు ఒక యజమాని లాభం నిలువదని, మేఘాల మీద ఆయనకు సొంత హక్కేమీ లేదని న్యాయమూర్తి ఆ దావాను త్రోసివేసినారు. తరువాత వరదలు వచ్చినప్పుడు నగరం మీద నష్టపరిహారపు కోరికలు నూటికి పైగా వచ్చిపడినవి.

టెక్సాస్‌లో తీర్పు వేరు. అక్కడి రైతులు కొందరు వడగండ్ల నుంచి పైరు కాపాడుకోవడానికి ఒక కంపెనీని కుదుర్చుకొన్నారు. విమానాలు వచ్చి ఉరుముల మేఘాలలో మందు చల్లిపోయేవి. జెఫ్ డేవిస్ కౌంటీలోని పశువుల పెంపకందారులు, విమానం వచ్చి పోగానే తమ కళ్ల ఎదుటనే నల్లని మబ్బు విరిసిపోతున్నదని, తమ గడ్డిభూములు ఎండిపోతున్నవని మొర పెట్టుకొన్నారు. 1958లో న్యాయస్థానం వారి పక్షాన నిషేధపుటుత్తరువు ఇచ్చినది. 1959లో రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానం దానిని నిలబెట్టినది. ప్రకృతి తనంత తాను ఇచ్చే వానను పొందే హక్కు భూమి యజమానికి ఉన్నదని దాని తాత్పర్యం. ఒకే దేశంలో, ఎనిమిది సంవత్సరాల ఎడంలో, ఒక న్యాయస్థానం మేఘం ఎవరి సొత్తూ కాదన్నది. మరొకటి క్రింద నేల ఉన్నవానికి దానిలో భాగమున్నదన్నది. ఈ రెండు తీర్పుల మధ్య వైరుధ్యం ఉన్నదా అంటే, ఉన్నది. కాని రెండూ సబబుగానే తోస్తాయి. చెరువు తూము దగ్గర నీటి తగవులు తీర్చిన మన పెద్దమనుషులను అడిగితే, రెండు సందర్భాలలోనూ దాదాపు అట్లాగే చెప్పి ఉండేవారు. దాహం కోసం వాడుకొనేవాడు వేరు. తన పంట కోసం పక్కవాని వంతును మళ్లించేవాడు వేరు.

1960లలో ఈశాన్య రాష్ట్రాలలో తీవ్రమైన అనావృష్టి వచ్చినది. పండ్లతోటలవారు వడగండ్లు పడకుండా మేఘమథనం చేయిస్తున్నారని, అందుకే తమకు వాన రావడం లేదని పెన్సిల్వేనియా పాడిరైతులు, ధాన్యపు రైతులు పట్టుబట్టినారు. 1965లో మేరీలాండ్ రాష్ట్రం ఈ పనిని కొంతకాలం పాటు పూర్తిగా నిషేధించినది. పెన్సిల్వేనియా ఆ ఏడే, ఇష్టమైన కౌంటీలు నిషేధించుకోవచ్చునన్నది. అనావృష్టి ముగిసిన తరువాత, 1968లో, నిషేధానికి బదులు లైసెన్సు పద్ధతిని ప్రవేశపెట్టినది. కనుక నేటి ఫ్లారిడా చట్టం ఎవరూ కనీ వినీ ఎరుగనిదేమీ కాదు. అరవై సంవత్సరాల క్రిందటి బాటనే మళ్లీ నడుస్తున్నారు. కాకపోతే నడక దిశ వ్యతిరేకం. ఆనాడు నిషేధం నుంచి లైసెన్సుకు వచ్చినారు, ఈనాడు లైసెన్సు నుంచి నిషేధానికి పోతున్నారు.

జనం భయానికి బలమిచ్చిన ఘటనలు ఇంకా ఉన్నవి. 1972 జూన్ 9న దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీని వరద ముంచెత్తి 238 మంది మరణించినారు. అదే రోజున ఆ పరిసరాలలో ఒక కళాశాల బృందం ప్రయోగార్థం మేఘాలలో ఉప్పు చల్లి ఉన్నది. అంతటి ఉత్పాతానికి ఆ కాస్త ఉప్పు కారణం కాజాలదని శాస్త్రజ్ఞులు చెప్పినారు. కాని ఆ రెండూ ఒకేరోజు జరగడం మనుషుల మనసులో నుంచి పోలేదు. 1967 నుంచి 1972 వరకు వియత్నాం యుద్ధంలో, శత్రువుల సరఫరా బాటలు బురదమయం కావాలని అమెరికా వైమానిక దళం 2,600 పర్యాయాలు విమానాలను పంపి రహస్యంగా మేఘమథనం చేసినది. ఈ విషయం బయటపడిన తరువాత వాతావరణాన్ని యుద్ధాయుధంగా వాడరాదని అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. 1978 నుంచి అది అమలులో ఉన్నది. ప్రభుత్వం రహస్యంగా ఆకాశంలో ఏదో చల్లుతున్నదనే నేటి అనుమానం నిరాధారమే. కాని ఒకప్పుడు నిజంగానే చల్లి, లేదని బుకాయించిన ప్రభుత్వాన్ని గురించి ఆ అనుమానం పుట్టినదని మరచిపోరాదు.

2025 జులై 4 తెల్లవారుజామున టెక్సాస్‌లో గ్వాడలూప్ నది ఉప్పొంగి, వేసవి శిబిరంలోని బాలికలతో సహా 130 మందికి పైగా చనిపోయినారు. రెండు రోజుల ముందు, 100 మైళ్లకు పైగా దూరాన, ఒక కంపెనీ విమానం రెండు మేఘాలలో కొన్ని గ్రాముల సిల్వర్ అయొడైడు చల్లినది. వరద తెచ్చినది సముద్రం నుంచి వచ్చిన తుఫాను తాలూకు శేషం. దానిలోని నీటితో పోల్చితే ఆ గ్రాముల మందు లెక్కలోనికి రాదు. అయినా వారం తిరగకుండా ఆ కంపెనీవారికి బెదిరింపులు వచ్చినవి. అదే నెలలో, దేశమంతటా వాతావరణ మార్పిడిని నేరంగా చేసే బిల్లు ఒకటి కేంద్ర ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టినారు. బిడ్డలను పోగొట్టుకొన్న ఊరికి కారణం కావాలి. గాలిలో తేమ అనే కారణం మీద కోపం చూపలేరు.

ఇక చట్టంలోని ఒక మాటను పరిశీలిద్దాం. 'ఉద్దేశంతో' అన్నది ఆ మాట. ఉష్ణోగ్రతను మార్చాలనే ఉద్దేశంతో పదార్థాన్ని వదిలితే నేరం. ఉద్దేశం లేకుండా వదిలితే? బొగ్గు కాల్చే విద్యుత్కేంద్రం, పెట్రోలు తాగే కారు, సముద్రంపై ఓడ, ఇవన్నీ ఆకాశంలోనికి వాయువులు వదులుతూనే ఉన్నవి. భూమి ఉష్ణోగ్రత నిజంగానే మారుతున్నది. ఓడల సంగతి చూడండి. 2020 జనవరి 1 నుంచి అంతర్జాతీయ నౌకా నియమాల ప్రకారం ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగవలసి వచ్చినది. అంతకుముందు ఆ గంధకపు పొగ సముద్రంపై మేఘాలను మరింత తెల్లగా చేసి, కొంత ఎండను తిప్పికొట్టేది. పొగ తగ్గగానే ఆ తెల్లని దారులు సన్నగిల్లినవి. అంటే ఓడలవారు దశాబ్దాల తరబడి సూర్యకాంతి తీవ్రతను మారుస్తూనే ఉన్నారు. వారి ఉద్దేశం సరుకు చేరవేయడం గనుక అది ఏ చట్టానికీ తగలదు. ఏటా కోట్ల టన్నులు ఊరకనే వదిలితే అడిగేవారు లేరు. ఒక శాస్త్రజ్ఞుడు ఫలితం తెలుసుకోవడానికి బస్తాడు ఉప్పు వదిలితే జైలు. ఈ విపరీతాన్ని ఆ శాసనసభలలోనే కొందరు ఎత్తిచూపినారు, అది గెలవలేదు.

మరి నేను నిషేధానికి పూర్తిగా విరోధినా అంటే కాదు. మొదటి రెండింటి విషయంలో నిషేధం అనవసరమని నా అభిప్రాయం. విమానపు చారలకు చట్టం వద్దు, బడిలో ఒక పాఠం చాలు. మేఘమథనానికి లైసెన్సు, బహిరంగ ప్రకటన, పొరుగువారి అభ్యంతరాలు వినే ఒక వేదిక, ఇవి చాలు. 1971 నాటి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఇటువంటి పనులు చేసే ప్రతివారూ ప్రభుత్వానికి ముందుగా తెలియజేయవలెను. ఆ పుస్తకాన్ని శ్రద్ధగా నింపించి జనం ముందు తెరచి ఉంచితే సగం అనుమానాలు తీరుతాయి. మూడవ దాని విషయమే వేరు. అక్కడ అడ్డుకోవాలనే కోరిక సబబైనదే. అడ్డుకొనే సాధనం మాత్రం చాలదు. 20 కిలోమీటర్ల ఎత్తున వదిలిన రేణువులకు టెనెస్సీ ఎల్ల తెలియదు. పినటూబో ధూళి మూడు వారాలలో భూగోళాన్ని చుట్టినదని విన్నాము. ఏ దేశమో ఎక్కడినుంచో ఆ పని మొదలుపెడితే ఫ్లారిడా జుర్మానా దానిని ఆపలేదు.

మనకు ఇందులో ప్రమేయమేమి? చాల ఉన్నది. అగ్నిపర్వతాల చరిత్రను వాతావరణ లెక్కలతో కలిపి చూసిన పరిశోధకులు 2013లో ఒక సంగతి చెప్పినారు. 1912లో అలాస్కాలోను, 1982లో మెక్సికోలోను పర్వతాలు పేలిన తరువాత, ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న భూములలో ఘోరమైన అనావృష్టి వచ్చినది. భూమధ్యరేఖకు ఉత్తరాన మాత్రమే ఎండ తగ్గితే వానల పట్టీ దక్షిణానికి జరుగుతుంది. మన నైరృతి ఋతుపవనం కూడ భూమి, సముద్రం వేడెక్కడంలోని తేడా మీద ఆధారపడినదే. ఆ తేడా కొంచెం చెదిరితే వాన రాకడ, పోకడ రెండూ చెదరవచ్చును. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసిన రైతుకు, మహబూబ్‌నగరంలో జొన్న వేసిన రైతుకు పది రోజుల జాప్యం అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. ఆ రైతుకు టెనెస్సీ శాసనసభలో వోటు లేదు. రేణువులు చల్లదలచిన కంపెనీ డైరెక్టర్ల సభలోనూ వోటు లేదు. టెక్సాస్ పశువుల కాపరులు తమ మబ్బు విరిసిపోతే దగ్గరి కోర్టుకు వెళ్లగలిగినారు. ఖండాంతరాన ఎవరో ఎండ తగ్గిస్తే, ఇక్కడ వాన తప్పినవాడు ఏ కోర్టు మెట్లెక్కాలి?

ఒక దేశం మాత్రం ఇటువంటిది జరిగినప్పుడు మాట్లాడినది. 2022లో అమెరికాకు చెందిన ఒక చిన్న కంపెనీ మెక్సికో భూభాగంలో, ఎవరి అనుమతీ అడగకుండా, గంధకపు వాయువు నింపిన బెలూనులు ఎగురవేసినది. ఆ చల్లదనానికి వెల కట్టి అమ్మజూపినది కూడ. 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం తమ దేశంలో ఇటువంటి ప్రయోగాలను నిషేధిస్తామని ప్రకటించినది. వదిలిన వాయువు అతి స్వల్పం, అవమానం పెద్దది.

2024లో నైరోబీ నగరంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభ కూడినప్పుడు, ఈ విద్యను గురించి తెలిసినదంతా పరిశీలించడానికి నిపుణుల బృందాన్ని నియమించాలని స్విట్జర్లండ్ ప్రతిపాదించినది. పరిశీలన అంటే సగం ఒప్పుకొన్నట్లేనని, అసలు వాడకూడదని తీర్మానించాలని ఆఫ్రికా దేశాలు కోరినవి. పరిశోధనకు కూడ ఆటంకం కారాదని మరికొన్ని దేశాలు పట్టుబట్టినవి. ఎవరికీ ఏకీభావం కుదరలేదు. స్విట్జర్లండ్ తన ప్రతిపాదనను ఉపసంహరించుకొన్నది. సభ ముగిసినది. ఆ తరువాత కొన్ని వారాలకే టెనెస్సీ గవర్నరు తన రాష్ట్రపు ఆకాశం మీద సంతకం చేసినాడు.